4,29,49,67,297: ఈ సంఖ్య ప్రధానం కాదని చేత్తోనే ఎలా తేల్చవచ్చు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: 4,29,49,67,297 అనే సంఖ్యకున్న గణిత ధర్మాలేమిటి, అది ప్రధాన సంఖ్యా కాదా? మీరు రాసుకున్న ప్రోగ్రామ్ 2తో ఫెర్మా పరీక్ష (2 ఘాతాన్ని ఈ సంఖ్యతో భాగించి శేషం చూసే పరీక్ష) చేసి ప్రధానమే అంటోంది. కాల్క్యులేటర్‌లో 641తో భాగిస్తే మాత్రం శేషం లేకుండా పోతోంది. రెంటిలో దేన్ని నమ్మాలి?

కాల్క్యులేటర్‌నే నమ్మండి. 641 × 67,00,417 = 4,29,49,67,297. ఇది సంయుక్త సంఖ్య, ఇందులో సందేహమే లేదు. అలాగని మీ ప్రోగ్రామ్ లెక్క తప్పిందనుకోకండి. అది చేసిన లెక్క సరిగ్గానే ఉంది, ఆ లెక్క నుంచి తేల్చిన మాటే నిలవదు. ఎందుకు నిలవదో తెలియాలంటే ముందు ఈ సంఖ్య ఎలా తయారైందో చూడాలి.

ఒక పెద్ద సంఖ్య ధర్మాలు చెప్పమంటే చాలామంది ఒక జాబితా ఇచ్చేస్తారు: పది అంకెలు, అంకెల మొత్తం 59, బేసి సంఖ్య, 7తో ముగుస్తుంది, నాలుగు భాజకాలు. అన్నీ నిజాలే. కానీ వాటిని చదివాక కూడా ఆ సంఖ్య గురించి మనకు పెద్దగా ఏమీ తెలియదు. అంకెల మొత్తం మనం పదుల్లో రాసుకోవడం వల్ల వచ్చింది, రాసే పద్ధతి మారిస్తే అదీ మారిపోతుంది. ఈ సంఖ్య అసలు రూపం 2³² + 1. బైనరీలో రాస్తే ముందు ఒక 1, మధ్యలో 31 సున్నాలు, చివర ఇంకో 1. ఎటునుంచి చదివినా ఒకటే. 4 ఆధారంగా రాసినా, 16 ఆధారంగా రాసినా అంతే. 65,536ను ఆధారంగా తీసుకుంటే ఉత్త 101. దీనికున్న చెప్పుకోదగ్గ ధర్మాలన్నీ ఈ రూపంలోంచే వస్తాయి: ఈ సంఖ్యను భాగించే ఏ సంఖ్య తీసుకున్నా, దాని శేషాల లెక్కలో, అంటే దానితో భాగిస్తే మిగిలేదాన్ని మాత్రమే చూస్తే, 2³² అంటే −1 (1 కలిపితే శేషం సున్నా కాబట్టి). ఇలా శేషాలు ఒకటే కావడాన్ని ≡ గుర్తుతో రాస్తాను. ఈ ఒక్క మాట దగ్గర పెట్టుకోండి, కింద చెప్పబోయేదంతా దానితోనే నడుస్తుంది.

కొంచెం చరిత్ర కూడా చెప్పుకోవాలి. 2¹ + 1 = 3, 2² + 1 = 5, 2⁴ + 1 = 17, 2⁸ + 1 = 257, 2¹⁶ + 1 = 65,537. ప్రతిసారీ ఘాతం రెట్టింపవుతోంది, ఐదుసార్లూ ప్రధాన సంఖ్యే వచ్చింది. ఈ వరస ఎంత దూరం పోయినా ప్రధానాలే వస్తాయని 17వ శతాబ్దంలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. అందుకే వీటికి ఫెర్మా సంఖ్యలని పేరు. వరసలో ఆరోది మన సంఖ్య. 1729లో గోల్డ్‌బాక్ అనే గణితజ్ఞుడు ఒక ఉత్తరంలో తోటి గణితజ్ఞుడు ఆయిలర్‌ను ఈ విషయం అడిగాడు. 1732లో ఆయిలర్ 641ని పట్టుకున్నాడు. ఫెర్మా ఊహ అక్కడితో పోయింది.

ఆ 641 ఎలా దొరికిందన్నది ఈ సంఖ్య విషయంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, అందుకే వివరంగా రాస్తున్నాను. మామూలు పద్ధతిలో అయితే వర్గమూలం దాకా, అంటే 65,536 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి 6,542 ఉన్నాయి. 641 వాటిలో 116వది. కాబట్టి 3 దగ్గర మొదలుపెట్టి ఓపిగ్గా భాగిస్తూ పోయినా దొరుకుతుంది. కానీ అన్ని భాగహారాలు అక్కర్లేదు.

ప అనే ప్రధాన సంఖ్య మన సంఖ్యను భాగిస్తోందనుకుందాం. ప శేషాల లెక్కలో 2³² ≡ −1. రెండువైపులా వర్గం చేస్తే 2⁶⁴ ≡ 1. మరి 2 ఘాతాల్లో 1 అనేది 64 కంటే ముందే ఎక్కడైనా వస్తుందా? మొదటిసారి 1 వచ్చే ఘాతం 64ను తప్పనిసరిగా భాగిస్తుంది. అది 64 కంటే చిన్నదైతే 32ను కూడా భాగించాలి, ఎందుకంటే 64 భాజకాలన్నీ 2 ఘాతాలే. అలా అయితే 2³² కూడా 1 అయి ఉండాలి. కానీ అది −1 అని మనకు ముందే తెలుసు. కాబట్టి మొదటిసారి 1 వచ్చేది సరిగ్గా 64 దగ్గరే. ఇక ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 2ను ప−1 ఘాతానికి తీసుకెళ్తే 1 వస్తుంది. అంటే ప−1ని 64 భాగించి తీరాలి. ప తప్పకుండా 64క + 1 రూపంలోనే ఉండాలి.

ఇప్పుడు పరీక్షించాల్సినవి ఎంత తగ్గిపోయాయో చూడండి: 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీటిలో ప్రధానాలు 193, 257, 449, 577, 641 మాత్రమే. ఐదో భాగహారానికే సమాధానం వచ్చేస్తుంది.

1878లో లూకా అనే గణితజ్ఞుడు దీన్ని ఇంకో మెట్టు బిగించాడు. 64క + 1 రూపంలో ఉన్న ప్రధానాన్ని 8తో భాగిస్తే 1 మిగులుతుంది. అలాంటి ప్రధానాల శేషాల్లో, వర్గం చేస్తే 2 వచ్చే సంఖ్య ఒకటి ఎప్పుడూ ఉంటుంది. 2కి 1 రావడానికి 64 దాకా వెళ్లాల్సి వస్తే, ఆ సంఖ్యకి 128 దాకా వెళ్లాలి. కాబట్టి కారణాంకాలన్నీ 128క + 1 రూపంలో ఉంటాయి. ఇప్పుడు వరస 129, 257, 385, 513, 641. ప్రధానాలు రెండే: 257, 641. ఇందులో 257 ఇదే కుటుంబంలో ముందు సంఖ్య. అది మన సంఖ్యను భాగించలేదని కింద వేరే కారణంతో చూపిస్తాను. అంటే నిజంగా చేయాల్సిన మొట్టమొదటి భాగహారమే 641తో. 6,542 అనుకున్నది ఒకటికి వచ్చింది.

641 భాగిస్తుందని చూపడానికి ఆ పది అంకెల భాగహారం కూడా చేయనక్కర్లేదు. 641ని రెండు రకాలుగా రాయండి:

641 = 5 × 2⁷ + 1
641 = 5⁴ + 2⁴

మొదటి దాన్ని బట్టి, 641 శేషాల లెక్కలో 5 × 2⁷ ≡ −1. నాలుగో ఘాతం తీసుకుంటే 5⁴ × 2²⁸ ≡ 1. రెండోదాన్ని బట్టి 5⁴ ≡ −2⁴. దాన్ని ఇందులో పెడితే −2³² ≡ 1, అంటే 2³² + 1 ≡ 0. అయిపోయింది. 640 అంటే 5 × 128 అని, 625 + 16 అంటే 641 అని తెలిస్తే చాలు, నోటితో చెప్పేయవచ్చు. ఈ రుజువు 641 దొరికాక కుదిరినదే తప్ప, వెతకడానికి పనికొచ్చేది కాదు. వెతకడానికి 128క + 1 కావాలి, చూపించడానికి ఇది కావాలి.

మిగిలిన కారణాంకం 67,00,417. ఇది ప్రధానమేనా అన్నది మీరు అడగలేదు గానీ, అది తేలకుండా భాజకాలు నాలుగే అనకూడదు. దీని వర్గమూలం 2,588 చిల్లర. దీనికేదైనా ప్రధాన కారణాంకం ఉంటే అది మన అసలు సంఖ్యకి కూడా కారణాంకమే, కాబట్టి దానికీ 128క + 1 నియమం వర్తిస్తుంది. 2,588 లోపల ఆ రూపంలో ఉన్న ప్రధానాలు ఐదే: 257, 641, 769, 1153, 1409. వీటితో 67,00,417ని భాగిస్తే వచ్చే శేషాలు వరసగా 170, 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు. ఐదు భాగహారాలతో ఏడంకెల సంఖ్య ప్రధానమని పూర్తిగా రుజువైంది. కాగితం మీద ఒకసారి చేసి చూడండి, పావుగంట పడుతుంది. ఇలా నియమం తెలిసి చేసే లెక్కలో ఉండే ఆనందం వేరు.

ఇక జాబితాలో ఉండే మామూలు ధర్మాలు త్వరగా చెప్పేస్తాను. భాజకాలు 1, 641, 67,00,417, ఆ సంఖ్యే. వాటి మొత్తం 642 × 67,00,418 = 4,30,16,68,356. సంఖ్యను తీసేసి మిగతా మూడూ కలిపితే 67,01,059 మాత్రమే, కాబట్టి ఇది బాగా లోటు సంఖ్య. దీనికంటే చిన్నవై, దీనితో 1 తప్ప మరో ఉమ్మడి భాజకం లేనివి 640 × 67,00,416 = 4,28,82,66,240. అంటే చిన్న సంఖ్యల్లో దాదాపు అన్నీ దీనితో పరస్పర ప్రధానాలే.

దీన్ని రెండు వర్గాల మొత్తంగా రాయడం దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ఒక విధం కళ్ల ముందే ఉంది: 65,536² + 1². 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా సరిగ్గా ఒకే విధంగా రాయగలం. కాబట్టి మన సంఖ్యకి రెండో విధం కనిపిస్తే అది ప్రధానం కాదని తేలిపోతుంది. రెండో విధం ఉంది:

62,264² + 20,449² = 3,87,68,05,696 + 41,81,61,601 = 4,29,49,67,297

(20,449 అంటే 143², కాబట్టి మన సంఖ్యలో ఒక వర్గమూ ఒక నాలుగో ఘాతమూ ఉన్నాయని కూడా అనవచ్చు.) ఈ రెండో విధం ఎక్కడి నుంచి వచ్చింది? కారణాంకాల నుంచి. 641 = 25² + 4². 67,00,417 = 2,556² + 409². రెండు వర్గాల మొత్తాలను గుణిస్తే మళ్లీ రెండు వర్గాల మొత్తమే వస్తుంది, అదీ రెండు రకాలుగా. 25 × 2,556 = 63,900. 4 × 409 = 1,636. 25 × 409 = 10,225. 4 × 2,556 = 10,224. మొదటి రెంటినీ కలిపితే 65,536, చివరి రెంటి తేడా 1. ఇది మొదటి విధం. మొదటి రెంటి తేడా 62,264, చివరి రెంటి మొత్తం 20,449. ఇది రెండో విధం. 10,225, 10,224 పక్కపక్కనే పడ్డాయి చూడండి. 2³² పక్కన సరిగ్గా ఆ 1 మిగిలింది వాటి తేడా వల్లే.

దీన్ని వెనక్కి కూడా నడిపించవచ్చు. కారణాంకాలు తెలియవు, రెండు విధాలు మాత్రం తెలుసు అనుకోండి. తేడాలు తీయండి: 65,536 − 62,264 = 3,272. 20,449 − 1 = 20,448. వీటి గరిష్ఠ సామాన్య భాజకం 8, సగం 4. మొత్తాలు తీయండి: 65,536 + 62,264 = 1,27,800. 20,449 + 1 = 20,450. వీటి గ.సా.భా. 50, సగం 25. 4² + 25² = 641. కారణాంకం చేతికొచ్చింది.

ఇప్పుడు మీ ప్రోగ్రామ్ సంగతి. ఫెర్మా పరీక్షలో మీరు 2ను (సంఖ్య − 1) ఘాతానికి తీసుకెళ్లి, శేషం 1 వస్తే ప్రధానం అంటున్నారు. ఇక్కడ సంఖ్య − 1 అంటే 2³². మన సంఖ్య శేషాల లెక్కలో 2³² ≡ −1, 2⁶⁴ ≡ 1. ఘాతం 2³² అనేది 64కి గుణిజం. కాబట్టి శేషం 1 వచ్చి తీరుతుంది, సంఖ్య ప్రధానమైనా కాకపోయినా. ఫెర్మా సంఖ్యలన్నిటికీ ఇదే కథ. 2తో చేసే పరీక్ష ఈ కుటుంబం మొత్తాన్నీ పాస్ చేసేస్తుంది. ఇంకా గట్టిదైన మిల్లర్-రాబిన్ పరీక్ష పెట్టినా 2 ఆధారంగా అయితే ఫలితం మారదు. 2ను వరసగా వర్గం చేస్తూ పోతే ఐదో వర్గం దగ్గర −1 తగులుతుంది, పరీక్ష అక్కడే సరే అనేస్తుంది. ఇలా ప్రధానం కాకపోయినా ప్రధానంలా పాస్ అయ్యే వాటిని మిథ్యా ప్రధానాలు అంటారు. మన సంఖ్య 2 ఆధారంగా గట్టి మిథ్యా ప్రధానం.

మీ ప్రోగ్రామ్ గురించి ఒక మంచి మాట. అది ప్రధానం అన్నదంటే పెద్ద పూర్ణాంకాలను సరిగ్గానే మోస్తోందన్నమాట. 64 బిట్ల పూర్ణాంకాలతో అజాగ్రత్తగా రాసి ఉంటే, శేషం 2³² వచ్చాక దాని వర్గం 2⁶⁴ పట్టక సున్నా అయిపోయేది, పరీక్ష ప్రధానం కాదు అనేది. జవాబు ఒప్పు, కారణం పూర్తిగా తప్పు. అలాంటి తప్పు బయటపడటం చాలా కష్టం. 32 బిట్ల గడిలో అయితే అసలు సంఖ్యే పట్టదు, 1గా మారిపోతుంది.

బాగుచేయడం తేలిక. ఫెర్మా సంఖ్యల కోసమే 1877లో పెపాన్ ఒక పరీక్ష ఇచ్చాడు: 2 బదులు 3 తీసుకోండి, (సంఖ్య − 1)లో సగం ఘాతానికి తీసుకెళ్లండి. సంఖ్య ప్రధానమైతే శేషం −1 వస్తుంది, ప్రధానం కాకపోతే రాదు. ఇది రెండువైపులా పనిచేస్తుంది, అందుకే మామూలు ఫెర్మా పరీక్షలా మోసం చేయదు. మన సంఖ్యకి సగం ఘాతం 2³¹, అంటే 3ను 31 సార్లు వర్గం చేస్తే చాలు. రావాల్సింది −1, అంటే 4,29,49,67,296. వచ్చేది 1,03,24,303. దాన్ని ఇంకోసారి వర్గం చేస్తే 3,02,90,26,160, అది 1 కాదు. అంటే మీ పాత పరీక్షలోనే 2 తీసేసి 3 పెట్టి ఉంటే దొరికిపోయేది. మామూలు సంఖ్యల కోసమైతే మిల్లర్-రాబిన్‌ను 2, 7, 61 మూడింటితోనూ నడపండి. 4,75,91,23,141 కంటే చిన్న సంఖ్యలన్నిటికీ ఆ మూడూ కలిసి తప్పు లేకుండా చెబుతాయని ముందే నిరూపించారు. మన సంఖ్య ఆ హద్దు లోపలే ఉంది.

257 విషయం బాకీ ఉంది. 3 × 5 × 17 × 257 × 65,537 గుణించి చూడండి: 4,29,49,67,295 వస్తుంది, అంటే 2³² − 1. మన సంఖ్య కంటే సరిగ్గా 2 తక్కువ. కాబట్టి ఆ ఐదింటిలో దేనితో భాగించినా మన సంఖ్యకి శేషం 2 మిగులుతుంది. వరసలో ఏ రెండు ఫెర్మా సంఖ్యలకీ ఉమ్మడి కారణాంకం ఉండదనడానికి కారణం ఇదే. ప్రధాన సంఖ్యలకి అంతు లేదని కూడా దీని నుంచే వచ్చేస్తుంది: ప్రతి ఫెర్మా సంఖ్యా కనీసం ఒక కొత్త ప్రధానాన్ని తెస్తుంది కదా. ఇంకో విశేషం, స్కేలు, వృత్తలేఖినితో మాత్రమే గీయగల బేసి భుజాల క్రమ బహుభుజుల్లో ఇప్పటిదాకా తెలిసిన అతి పెద్దదానికి భుజాలు 4,29,49,67,295. ఆ సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధం కావాలని గౌస్ సిద్ధాంతం చెబుతుంది. మన 4,29,49,67,297 భుజాల బొమ్మను మాత్రం అలా గీయలేం, దాని కారణాంకాలు రెండూ ఫెర్మా ప్రధానాలు కావు.

దశాంశాల్లో కూడా దీని జాడ ఒకటి కనిపిస్తుంది. 1/641ని దశాంశంగా రాస్తే 32 అంకెలకోసారి తిరిగి మొదలవుతుంది. 5⁴ ≡ −2⁴ అన్నాం కదా, రెండువైపులా 2⁴తో గుణిస్తే 10⁴ ≡ −2⁸. నాలుగో ఘాతం తీసుకుంటే 10¹⁶ ≡ 2³² ≡ −1. అందుకే 10³² దగ్గర 1 వచ్చి, అంకెలు మళ్లీ మొదటికి వస్తాయి. మధ్యలో −1 రావడం వల్ల ఆ 32 అంకెల్లో మొదటి పదహారిటినీ రెండో పదహారిటినీ స్థానం చూసి కలిపితే ప్రతిచోటా 9 వస్తుంది.

ఇది అయ్యాక వరసలో తర్వాతిదాన్ని ప్రయత్నించండి, 2⁶⁴ + 1. అక్కడ కారణాంకాలు 256క + 1 రూపంలో ఉంటాయి. 1880లో లాండ్రీ దాన్ని 2,74,177 × 6,72,80,42,13,10,721గా విడదీశాడు. 2,74,177 అంటే 256 × 1,071 + 1, కాబట్టి ప్రోగ్రామ్‌కి అది రెప్పపాటు పని, కానీ సంఖ్య 64 బిట్లలో పట్టదని గుర్తుంచుకోండి. ఆ తర్వాతిది, 2¹²⁸ + 1, 1970 దాకా లొంగలేదు. 65,537 తర్వాత ఈ వరసలో ఇంకో ప్రధానం ఇంతవరకు దొరకలేదు. మన సంఖ్య దగ్గర్నుంచి ఘాతం 2³² ఉన్న సభ్యుడి దాకా (అంటే 2ను 2³² ఘాతానికి తీసుకెళ్లి 1 కలిపినదాని దాకా) అన్నీ సంయుక్తాలే అని తేలింది. వాటిలో ఘాతం 2²⁰ ఉన్నదీ 2²⁴ ఉన్నదీ ప్రధానాలు కావని పెపాన్ పరీక్షతో తెలిసింది గానీ, వాటి కారణాంకం ఒక్కటి కూడా ఎవరికీ దొరకలేదు. ఘాతం 2³³ ఉన్నదానికి సుమారు 258 కోట్ల అంకెలు, అది ప్రధానమో కాదో ఇంకా తేలలేదు.